బూస్ట్ వేరు, టార్క్ వేరు: ట్యూన్ చేసిన టర్బో ఇంజన్ లోపలి లెక్కలు

దేశంలో గత పదేళ్లలో చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లు (ఇంజన్ వదిలే ఎగ్జాస్ట్ వాయువుతో తిరుగుతూ లోపలికి ఎక్కువ గాలి తోసే టర్బో ఉన్నవి) మామూలైపోయాయి. ఒకప్పుడు రెండు లీటర్ల ఇంజన్ ఇచ్చిన బలాన్ని ఇప్పుడు లీటరున్నర ఇంజన్ ఇస్తోంది. వాటి వెంటే రీమ్యాప్ (ఇంజన్ సాఫ్ట్‌వేర్ తిరగరాయడం), దాని మొదటి మెట్టైన స్టేజ్ 1 అనే మాటలు కూడా కారు కొన్నవారి సంభాషణల్లోకి వచ్చేశాయి. ల్యాప్‌టాప్ తగిలించి, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూలో కొన్ని పట్టికలు మారిస్తే పాతిక శాతం టార్క్ అదనంగా వస్తుందని ఒకరంటారు. ఇంజన్ ఆయుష్షు తగ్గిపోతుందని మరొకరంటారు. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వచ్చాక ఈ వాదనలకు ఇంకో ముడి పడింది.

గందరగోళంలో ఎక్కువ భాగం ఒకే చోట పుడుతోంది. బూస్ట్ (టర్బో అదనంగా కలిపే గాలి ఒత్తిడి) ఎంత పెట్టారని అందరూ అడుగుతారు. టార్క్ ఏ ఆర్పీఎం దగ్గర ఎంత వస్తోందని, ఆ టార్క్‌ను ఏయే భాగాలు మోయాల్సి వస్తోందని అడిగేవారు తక్కువ. బూస్ట్ ఒక సాధనం మాత్రమే. ఇంజన్‌కు గానీ గేర్‌బాక్స్‌కు గానీ హద్దుగా నిలిచేది టార్క్. పరిచయమున్న ఒక ఇంజన్‌ను ఉదాహరణగా తీసుకుంటే ఈ తేడా తేలిగ్గా బోధపడుతుంది కాబట్టి, ఫోక్స్‌వ్యాగన్ టైగున్, వర్టస్, స్కోడా కుషాక్, స్లావియా కార్లలో వచ్చిన 1.5 టీఎస్‌ఐ ఇంజన్ చుట్టూ ఈ లెక్కలు చేద్దాం.

## టార్క్ ఎంత అన్నది సగం ప్రశ్నే

టార్క్ అంటే తిప్పే బలం. చక్రం నట్టుకు తగిలించిన మీటరు పొడవు స్పానర్ చివర పది కిలోల బరువు వేలాడదీస్తే ఆ నట్టు మీద పడేది సుమారు 98 న్యూటన్ మీటర్ల టార్క్. పవర్ అంటే ఆ తిప్పే బలం ఎంత వేగంతో పనిచేస్తోందో చెప్పే కొలత. న్యూటన్ మీటర్లలో ఉన్న టార్క్‌ను ఆర్పీఎంతో గుణించి 7024తో భాగిస్తే పీఎస్‌లలో (హార్స్‌పవర్ లాంటి కొలమానం) పవర్ వస్తుంది. ఈ ఒక్క సూత్రం దగ్గరుంటే ప్రకటనల్లోని అంకెలు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

1498 సీసీల ఈ ఇంజన్‌కు కంపెనీ ఇచ్చిన అంకెలు ఇవి: 1600 నుంచి 3500 ఆర్పీఎం దాకా 250 న్యూటన్ మీటర్లు, 5000 నుంచి 6000 ఆర్పీఎం దాకా 150 పీఎస్. సూత్రంలో వేసి చూస్తే 3500 దగ్గర పవర్ సుమారు 125 పీఎస్. 5000 దగ్గర 150 పీఎస్ రావాలంటే టార్క్ 211 న్యూటన్ మీటర్లుండాలి. 6000 దగ్గర అదే 150 పీఎస్‌కు 176 న్యూటన్ మీటర్లు చాలు. అంటే కింది వేగాల్లో టార్క్ సమతలంగా సాగి, పై వేగాల్లో పవర్ స్థిరంగా ఉండేలా టార్క్ మెల్లగా తగ్గుతోంది. ఏ ఇంజన్ కూడా తనంతట తాను ఇంత నున్నని గీతలు గీయదు. కంపెనీ ఇంజనీర్లు ఎక్కడ ఎంత ఇవ్వాలో ముందే తేల్చుకుని, అంతకు మించకుండా ఆపిన ఫలితమే ఆ గీత. ట్యూన్ చేయడమంటే ఆ నిర్ణయాలను ఇంకొకరు తిరగరాయడం.

## గేజ్ చూపే బూస్ట్, ఇంజన్ పీల్చే గాలి

మన చుట్టూ ఉన్న గాలికే సముద్రమట్టం దగ్గర సుమారు 1 బార్ ఒత్తిడి ఉంది. టర్బో లేని ఇంజన్ ఆ ఒత్తిడితోనే గాలిని పీలుస్తుంది. టర్బో దానిపైన అదనంగా కలిపే ఒత్తిడిని బూస్ట్ అంటాం. గేజ్ మీద 0.8 బార్ కనబడితే సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో అసలు ఒత్తిడి 1.8 బార్ అన్నమాట. ఈసీయూ లోపలి లెక్కలన్నీ ఈ మొత్తం ఒత్తిడితోనే జరుగుతాయి. ఇద్దరి మధ్య అంకెలు తేడా వచ్చి వాదన ముదిరినప్పుడు, ఒకరు గేజ్ అంకె, మరొకరు మొత్తం అంకె చెబుతున్నారేమో చూసుకుంటే సగం తగవు తీరుతుంది.

అయితే ఇంజన్‌కు టార్క్ ఇచ్చేది ఒత్తిడి కాదు. సిలిండర్‌లోకి చేరిన గాలి బరువు, దానికి తగ్గట్టు మండిన ఇంధనం. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పలచబడుతుంది. బూస్ట్‌కూ టార్క్‌కూ మధ్య దూరం మొదలయ్యేది ఇక్కడే.

ఒక లెక్క చూద్దాం. ఎండాకాలం ఉదయం, బయటి గాలి 35 డిగ్రీలు. టర్బోలో గాలిని నొక్కే భాగమైన కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుందాం. 0.8 బార్ బూస్ట్‌కు గాలిని నొక్కితే అది సుమారు 115 డిగ్రీలకు వేడెక్కుతుంది. నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఆ అదనపు వేడిలో నాలుగింట మూడొంతులు తీసేస్తే సిలిండర్ల వైపు వెళ్లేది 55 డిగ్రీల గాలి. టర్బో లేనప్పటితో పోలిస్తే గాలి సాంద్రత 1.69 రెట్లు.

ఇప్పుడు బూస్ట్‌ను 1.2 బార్‌కు పెంచుదాం. గేజ్ అంకె ఏకంగా సగం పెరిగింది. కంప్రెసర్ అదే 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తే గాలి సుమారు 146 డిగ్రీలకు వేడెక్కి, ఇంటర్‌కూలర్ దాటాక 63 డిగ్రీల దగ్గర ఆగుతుంది. సాంద్రత 2.02 రెట్లు. అంటే గేజ్ మీద 50 శాతం పెరిగితే గాలి బరువు 19 శాతమే పెరిగింది. టార్క్ కూడా మహా అయితే ఆ మేరకే పెరుగుతుంది.

ఆ 19 శాతం కూడా మంచి పరిస్థితిలో వచ్చేదే. కంపెనీ అమర్చిన చిన్న టర్బోను దాని సుఖమైన పరిధి దాటించి తిప్పితే కంప్రెసర్ సామర్థ్యం పడిపోతుంది. అది 60 శాతానికి దిగితే అదే 1.2 బార్ దగ్గర గాలి 165 డిగ్రీలకు చేరుతుంది. పైగా అంత గాలి తోయడానికి, ఎగ్జాస్ట్‌తో తిరిగే టర్బైన్ ఎక్కువ శక్తి కోరుతుంది కాబట్టి ఎగ్జాస్ట్ వైపు ఒత్తిడి పెరిగి, సిలిండర్‌లోంచి కాలిన వాయువు పూర్తిగా బయటికి పోదు. వేడి గాలికి నాకింగ్ (ఇంధన మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలడం) ఎక్కువ కాబట్టి ఈసీయూ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. స్పార్క్ ఆలస్యమైతే టార్క్ కొంత తగ్గుతుంది, ఎగ్జాస్ట్ ఇంకా వేడెక్కుతుంది. ఒక దశ దాటాక బూస్ట్ పెరుగుతూనే ఉంటుంది, టార్క్ మాత్రం కదలదు. గేజ్ వైపు మాత్రమే చూసేవారికి ఆ దశ కనబడదు.

## టర్బోను అదుపులో పెట్టేది వేస్ట్‌గేట్

టర్బోలో ఎగ్జాస్ట్ వాయువు టర్బైన్‌ను తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న కంప్రెసర్ గాలిని తోస్తుంది. ఎక్కువ గాలి వస్తే ఎక్కువ ఇంధనం మండుతుంది, ఎక్కువ ఎగ్జాస్ట్ పుడుతుంది, టర్బో ఇంకా వేగంగా తిరుగుతుంది. ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. ఆ పని వేస్ట్‌గేట్ చేస్తుంది. టర్బైన్‌ను తప్పించి కొంత ఎగ్జాస్ట్‌ను పక్కదారిన పంపే చిన్న తలుపు అది. పాత పద్ధతిలో ఒక స్ప్రింగ్ ఆ తలుపును మూసి ఉంచితే, బూస్ట్ ఒత్తిడే దాన్ని నెట్టి తెరుస్తుంది. ఆ ఒత్తిడిలో కొంత భాగాన్ని విద్యుత్తుతో పనిచేసే ఒక సోలినాయిడ్ వాల్వ్ దారి మళ్లించడం వల్ల స్ప్రింగ్ స్థాయికి మించిన బూస్ట్ సాధ్యమవుతుంది. 1.5 టీఎస్‌ఐ లాంటి కొత్త ఇంజన్లలో తలుపును విద్యుత్ మోటారే నేరుగా కదుపుతుంది.

ఈసీయూ ఇక్కడ రెండు పనులు కలిపి చేస్తుంది. ఫలానా ఆర్పీఎం దగ్గర ఫలానా బూస్ట్ కావాలంటే తలుపు సుమారు ఎంత తెరిచి ఉండాలో ముందే ఒక పట్టికలో ఉంటుంది. దాని ప్రకారం తలుపును నిలిపి, సెన్సర్ చూపిన ఒత్తిడికీ కోరిన ఒత్తిడికీ తేడాను బట్టి సర్దుతుంది. ట్యూనర్ కోరిక అంకెను మాత్రం పెంచి ఆ మొదటి పట్టికను సరిచేయకపోతే, బూస్ట్ ముందు కోరినదానికంటే పైకి ఎగిరి, తరువాత కిందికి పడి, కాసేపు ఊగి నిలుస్తుంది. ఆ మొదటి ఎగురుడునే స్పైక్ అంటారు. కారు నడిపేవారికి అది వెన్ను సీటుకు అతుక్కుపోయే సరదాగా అనిపిస్తుంది, పిస్టన్లను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్లకు మాత్రం అదే అత్యంత కష్టమైన క్షణం. తలుపు పూర్తిగా తెరిచినా ఎగ్జాస్ట్ మొత్తం పోలేక పై ఆర్పీఎంలలో బూస్ట్ పాకుతూ పెరిగిపోవడం మరో రకం. ఇది సాఫ్ట్‌వేర్ సరిచేయగలిగింది కాదు, తలుపు దారి ఇరుకైన ఫలితం.

పై ఆర్పీఎంలలో బూస్ట్ మెల్లగా తగ్గడాన్ని చాలామంది లోపంగా భావిస్తారు. చిన్న టర్బో విషయంలో అది అవసరం. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ నిమిషానికి పోయే గాలి పెరుగుతుంది. అదే ఒత్తిడి నిలపాలంటే టర్బో తన వేగ పరిమితి దాటాలి. ఇలాంటి టర్బోల ఇరుసులు ఇప్పటికే నిమిషానికి 2 లక్షల చుట్లకు పైగా తిరుగుతాయి.

## ఈసీయూ అడిగేది బూస్ట్ కాదు, టార్క్

ట్యూనింగ్ గురించిన చర్చల్లో అతి తక్కువగా వినబడే సంగతి ఇది, అతి ముఖ్యమైనదీ ఇదే. 1990ల చివర బాష్ కంపెనీ ఎంఈ7 తరం ఈసీయూలు తెచ్చినప్పటి నుంచి యూరోపియన్ పెట్రోల్ కార్ల కంట్రోల్ పద్ధతి మారిపోయింది. అంతకుముందు యాక్సిలరేటర్ తీగ నేరుగా థ్రాటిల్‌ను (ఇంజన్‌కు గాలి వెళ్లే దారిలోని తలుపు) తెరిచేది. ఆ తరువాత యాక్సిలరేటర్ నొక్కడమంటే ఇంత టార్క్ కావాలని ఈసీయూకు అర్జీ పెట్టుకోవడమే.

ఆ అర్జీ మీద చాలామందికి మాట చెల్లుతుంది. గేరు మారుతోంది కాబట్టి అర క్షణం టార్క్ తగ్గించమని గేర్‌బాక్స్ కంప్యూటర్ అడుగుతుంది. చక్రం జారుతోందని, కారు అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ అడుగుతుంది. ఇంజన్ వేడెక్కిందని, నాకింగ్ ఎక్కువగా ఉందని రక్షణ పట్టికలు కోత పెడతాయి. అన్నీ విన్నాక మిగిలిన టార్క్ అంకెను ఈసీయూ గాలి బరువుగా మారుస్తుంది, ఆ గాలి బరువుకు ఎంత మానిఫోల్డ్ ఒత్తిడి కావాలో లెక్క కడుతుంది, అప్పుడు గానీ వేస్ట్‌గేట్‌కు ఆజ్ఞ పోదు. బూస్ట్ ఈ గొలుసులో చివరి కడియం. గాలిని తగ్గించి టార్క్ తగ్గించడం నిదానంగా జరిగే పని కాబట్టి, గేరు మార్పు లాంటి తక్షణ అవసరాలకు స్పార్క్‌ను ఆలస్యం చేసి టార్క్‌ను అప్పటికప్పుడు కోస్తారు.

వచ్చిన గాలి, స్పార్క్ సమయం, ఇంధన మిశ్రమం చూసి ఇప్పుడు ఇంత టార్క్ వస్తోందని ఈసీయూ ఎప్పటికప్పుడు తిరుగు లెక్క కూడా వేస్తుంది. డ్రైవర్ అడిగినదానికంటే ఇంజన్ ఇస్తున్నది బాగా ఎక్కువగా తేలితే దాన్ని ప్రమాదంగా భావించి థ్రాటిల్ మూసేస్తుంది. రీమ్యాప్ చేసిన కొన్ని కార్లలో ఓవర్‌టేక్ మధ్యలో ఎవరో వెనక్కి లాగినట్టు బలం పడిపోవడానికి టర్బో పాడవడమే కారణం కానక్కర్లేదు. టార్క్ పట్టికలు, గాలి పట్టికలు ఒకదానితో ఒకటి పొసగక ఈసీయూ తనను తాను కాపాడుకుంటూ ఉండవచ్చు. ఆ రక్షణ పట్టికలనే గరిష్ఠానికి తోసేసి సమస్య తీరిందనిపించే ట్యూన్లూ ఉంటాయి. కారు అప్పుడు హాయిగానే పరుగెడుతుంది, కాకపోతే కాపలా ఎత్తేసినట్టే.

రీమ్యాప్‌కూ బయటినుంచి తగిలించే ట్యూనింగ్ బాక్స్‌కూ అసలు తేడా కూడా ఇక్కడే ఉంది. బాక్స్ చేసేది ఒత్తిడి సెన్సర్ సంకేతాన్ని తగ్గించి చూపడం. అసలు 1.9 బార్ ఉంటే 1.7 ఉందని ఈసీయూ నమ్ముతుంది, లోటు పూడ్చడానికి వేస్ట్‌గేట్ ఇంకాస్త మూస్తుంది. బాక్సులను సమర్థించేవారు చెప్పే మాటల్లో నిజముంది: ఈసీయూ సాఫ్ట్‌వేర్‌ను తాకరు, తీసేస్తే కారు పూర్వస్థితికి వస్తుంది, ఇంజన్‌కున్న ఇతర రక్షణలు చెక్కుచెదరవు. కాకపోతే సిలిండర్‌లోకి నిజంగా ఎంత గాలి పోతోందో ఈసీయూకు తెలియదు, అందువల్ల గేర్‌బాక్స్‌కు చెప్పే టార్క్ అంకె కూడా తక్కువే ఉంటుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తన క్లచ్‌లను ఎంత గట్టిగా నొక్కాలో ఆ అంకెను బట్టే నిర్ణయించుకుంటుంది. 250 అని విని 300 మోయాల్సి వస్తే క్లచ్ జారుతుంది. శ్రద్ధగా చేసిన రీమ్యాప్‌లో టార్క్ లెక్కను కూడా సరిదిద్దుతారు, అశ్రద్ధగా చేసినదానికీ బాక్సుకూ పెద్ద తేడా ఉండదు.

## కింది వేగాల్లో పెద్ద టార్క్ ఎందుకు కష్టం

సిలిండర్ మీద టార్క్ భారం ఎంతో పోల్చడానికి ఇంజనీర్లు ఒక సగటు ఒత్తిడిని వాడతారు. ఇంజన్ సైజుతో నిమిత్తం లేకుండా ప్రతి లీటరు ఎంత కష్టపడుతోందో అది చెబుతుంది. 1498 సీసీలే ఉన్న, టర్బో లేని హోండా సిటీ పెట్రోల్ ఇంజన్ 145 న్యూటన్ మీటర్లిస్తుంది. దాని సగటు ఒత్తిడి సుమారు 12 బార్. అదే సైజు 1.5 టీఎస్‌ఐ 250 న్యూటన్ మీటర్ల దగ్గర 21 బార్ మోస్తోంది. రీమ్యాప్ చేసి 310కి తీసుకెళితే 26 బార్. ఇవి సగటులే, మంట తారస్థాయిలో ఉన్న క్షణాన సిలిండర్‌లో ఒత్తిడి వీటికి కొన్ని రెట్లు ఉంటుంది.

కనెక్టింగ్ రాడ్ మీద రెండు రకాల బలాలు పనిచేస్తాయి. మంట ఒత్తిడి దాన్ని కిందికి నొక్కుతుంది, పిస్టన్ బరువు జడత్వం దాన్ని పైకి సాగదీస్తుంది. సాగదీసే బలం ఆర్పీఎం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది, నొక్కే బలం దాదాపు టార్క్‌తోపాటు పెరుగుతుంది. పై వేగాల్లో పిస్టన్ పై మలుపు దగ్గర జడత్వం మంట ఒత్తిడిని కొంత రద్దు చేస్తుంది. 1800 ఆర్పీఎం దగ్గర ఆ ఊరట లేదు, రాడ్ మొత్తం నొక్కుడును తానే భరించాలి. మామూలుగా రాడ్లు వంగేది ఇలా కింది వేగాల్లో టార్క్ విపరీతంగా పెంచినప్పుడు, తెగిపోయేది ఆర్పీఎం హద్దు దాటినప్పుడు.

దీనికి తోడు నేరుగా సిలిండర్‌లోకి ఇంధనం చిమ్మే చిన్న టర్బో ఇంజన్లకు ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది. తక్కువ ఆర్పీఎం, పూర్తి భారం ఉన్నప్పుడు, సిలిండర్ గోడ మీది ఆయిల్, ఇంధనం కలిసిన బిందువో, రాలిన మసి కణమో స్పార్క్ రాకముందే మంటను రాజేస్తాయి. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట పుట్టడం వల్ల ఒత్తిడి హద్దు మీరుతుంది. మామూలు నాకింగ్‌ను సెన్సర్ విని స్పార్క్ ఆలస్యం చేసి సర్దుకోవచ్చు. ఇక్కడ మంటకు స్పార్క్‌తో పనే లేదు కాబట్టి ఆ మందు పారదు. ఒకటి రెండు సార్లు జరిగినా పిస్టన్ అంచు విరిగే అవకాశముంది. ఆయిల్‌లోని కాల్షియం ఆధారిత డిటర్జెంట్లు దీన్ని పెంచుతాయని తేలాక, అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ 2018 మేలో ఎస్ఎన్ ప్లస్, 2020 మేలో ఎస్పీ ప్రమాణాలు తెచ్చి, ఆయిల్ ఈ పరీక్షలో నెగ్గాలన్న నియమం పెట్టింది.

ఇప్పుడు ఇదే ఇంజన్ మీద ఊహించిన రెండు ట్యూన్లు పోల్చి చూద్దాం. మొదటిది 2000 ఆర్పీఎం దగ్గరే 330 న్యూటన్ మీటర్లు అందుకుని, 4500 దగ్గర 250కి, 5500 దగ్గర 200కి దిగుతుంది. రెండోది తొందరపడకుండా 2600 దగ్గర 285కు చేరి 4500 దాకా అక్కడే నిలిచి, 5500 దగ్గర 225 ఇస్తుంది. ప్రకటనలో మొదటిదే గొప్పగా కనబడుతుంది. పవర్ లెక్క కట్టితే 4500 దగ్గర మొదటిది 160 పీఎస్, రెండోది 183. 5500 దగ్గర మొదటిది 157, రెండోది 176. తక్కువ టార్క్ ఉన్న ట్యూన్‌కే హైవే మీద వేగం ఎక్కువ, రాడ్ల మీద భారమూ తక్కువ.

మొదటి ట్యూన్ కోరేవారిది అర్థంలేని కోరిక కాదు. నగర ట్రాఫిక్‌లో కారు గడిపేది 1500 నుంచి 2500 ఆర్పీఎంల మధ్యే. 2000 దగ్గర కంపెనీ ట్యూన్ ఇచ్చేది 71 పీఎస్ అయితే మొదటిది ఇచ్చేది 94. ఆ తేడా రోజూ కాలి కింద తెలుస్తుంది, రెండో ట్యూన్ మేలు తెలియాలంటే ఖాళీ రోడ్డు కావాలి. అయినా నా దృష్టిలో ట్యూనర్ నేర్పు తెలిసేది అతను ఎక్కడ పెంచాడన్న దాంట్లో కంటే ఎక్కడ పెంచకుండా వదిలాడన్న దాంట్లోనే.

## గేర్‌బాక్స్, టైర్లు పెట్టే హద్దులు

ఈ ఇంజన్‌కు జత చేసిన ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) పేరు డీక్యూ200. పొడి క్లచ్‌లున్న ఈ గేర్‌బాక్స్‌కు తయారీదారు పెట్టిన పరిమితి 250 న్యూటన్ మీటర్లు. 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐలో ఇదే గేర్‌బాక్స్ 175 న్యూటన్ మీటర్లే మోసేది, కాబట్టి ఆ కారును ట్యూన్ చేసినవారికి పరిమితిలోపే చాలా చోటు ఉండేది. 1.5 టీఎస్‌ఐలో కంపెనీ ట్యూనే ఆ గీతను తాకుతోంది. పోలోలో ఇబ్బంది లేకుండా నడిచిందన్న అనుభవాన్ని ఈ కారుకు వర్తింపజేయలేకపోవడానికి కారణం ఇదే. పరిమితి దాటిన మరుక్షణం ఏదో విరుగుతుందని కాదు. క్లచ్ ఫలకాల వేడి, అరుగుదల ఎంత త్వరగా పెరుగుతాయన్నదే ప్రశ్న.

ఇక రోడ్డు. మొదటి గేరులో ఇంజన్ నుంచి చక్రం దాకా మొత్తం నిష్పత్తి 15 అనుకుందాం, చక్రం వ్యాసార్ధం 0.31 మీటరు. 250 న్యూటన్ మీటర్లు టైరు అంచు దగ్గర సుమారు 12,100 న్యూటన్ల తోపుడుగా మారతాయి. ముందు చక్రాల మీద 750 కిలోల బరువు, మంచి రోడ్డు, 0.9 పట్టు ఉంటే ఆ టైర్లు మోయగలిగింది సుమారు 6,600 న్యూటన్లే. అంటే మొదటి గేరులో 137 న్యూటన్ మీటర్లకు మించి ఇంజన్ ఇచ్చేదంతా టైరు పొగకే. రెండో గేరులో నిష్పత్తి 9 అయితే 250 దగ్గర తోపుడు 7,260 న్యూటన్లు, అది కూడా హద్దు పైనే. కారు ముందుకు దూకినప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది కాబట్టి అసలు పట్టు ఇంకా తక్కువ. గేరును బట్టి టార్క్ పరిమితులు వేర్వేరుగా పెట్టే ట్యూన్లు ఈ లెక్క మీదే నడుస్తాయి: కింది గేర్లలో పెంపు లేకుండా, మూడో గేరు నుంచి మెల్లగా పెంచుతాయి. కారు నెమ్మదించదు, గేర్‌బాక్స్‌కు మాత్రం పెద్ద ఊరట.

## పెట్రోల్, ఎండ, ఎత్తు

నాకింగ్‌ను ఎంతవరకు తట్టుకోగలదో చెప్పేది పెట్రోల్ ఆక్టేన్ సంఖ్య. మామూలు పెట్రోల్‌కు బీఎస్2 ఉద్గార ప్రమాణాల కాలంలో 88 ఉన్నది బీఎస్6తో 91 అయిందని, ఈ20తో 95కు చేరిందని కేంద్ర పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో ప్రకటించింది. ఇథనాల్ ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది కూడా. ఈ రెండూ టర్బో ఇంజన్‌కు మేలే, స్పార్క్ కాస్త ముందుకు జరుపుకోవచ్చు. రెండో వైపు, లీటరు ఈ20లో శక్తి మామూలు పెట్రోల్ కంటే సుమారు 6 నుంచి 7 శాతం తక్కువ. అదే గాలికి ఎక్కువ ఇంధనం చిమ్మాలి. కంపెనీ ట్యూన్‌లో ఇంజెక్టర్లకు, అధిక పీడన పంపుకు ఆ పని తేలికే. 25 శాతం గాలి పెంచిన ట్యూన్‌లో ఈ అదనపు 7 శాతం కూడా కలిస్తే పంపు ముందుగా చేతులెత్తేసే అవకాశముంది. మైలేజీ తగ్గడం నిజమే గానీ ఈ20 వల్ల టార్క్ పడిపోతుందన్న భయానికి ఆధారం లేదు. ఒకే బరువు గాలితో పూర్తిగా మండినప్పుడు పెట్రోల్, ఇథనాల్ ఇచ్చే వేడి దాదాపు సమానం.

వేరే దేశంలో 98 ఆక్టేన్ పెట్రోల్‌కు, 20 డిగ్రీల వాతావరణానికి రాసిన ట్యూన్ ఫైల్‌ను యథాతథంగా మే నెల విజయవాడలో నడిపితే, ఈసీయూ రోజంతా స్పార్క్‌ను వెనక్కి లాగుతూనే ఉంటుంది. దేశంలో 100 ఆక్టేన్ పెట్రోల్ కూడా ఉంది, ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో ఎక్స్‌పీ100 తెచ్చింది. దానికే సరిపడేలా రాసిన ట్యూన్‌తో దూరప్రయాణం చేస్తే అది దొరకని ఊళ్లో ఇబ్బంది మొదలవుతుంది.

ఎత్తు సంగతి క్లుప్తంగా. మానిఫోల్డ్‌లో 2.2 బార్ నిలపాలంటే విశాఖలో టర్బో గాలిని 2.2 రెట్లు నొక్కితే చాలు. సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో 2.3 రెట్లు. 3,500 మీటర్ల లేహ్‌లో దాదాపు 3.4 రెట్లు. చిన్న టర్బో అంత వేగం తిరగలేదు. ఎత్తును బట్టి బూస్ట్ తగ్గించే పట్టికను కంపెనీ అందుకే పెడుతుంది, ట్యూనర్ దాన్ని తీసేస్తే టర్బో వేగానికి ఇక అడ్డు ఉండదు.

## మార్జిన్ ఎవరిది అన్న వాదన

కంపెనీలు కావాలనే కొంత బలాన్ని దాచి ఉంచుతాయన్నది ట్యూనర్ల వాదన. దానికి ఆధారం లేకపోలేదు. ఒకే ఇంజన్‌ను వేర్వేరు పవర్‌లతో, వేర్వేరు ధరల కార్లలో అమ్మడం పరిశ్రమలో మామూలే. ఏ దేశపు పెట్రోల్ పోసినా, ఎంత వేడిలో నడిపినా, ఆయిల్ మార్పు ఆలస్యమైనా తట్టుకునేలా ఒకే ట్యూన్ రాస్తారు. తన కారుకు మంచి పెట్రోల్ పోసి, ఆయిల్ త్వరగా మార్చే యజమానికి ఆ చోటులో కొంత వాడుకునే వీలుందన్నది సబబైన మాటే.

ఇంజనీర్ల జవాబు మరోలా ఉంటుంది. ఆ మార్జిన్ వాడకుండా మిగిలిన సొమ్ము కాదు, లక్షల ఇంజన్లలో అచ్చు పోతలో తేడాలకు, ఏళ్ల తరబడి లోహం అలసటకు, మూసుకుపోయిన ఇంజెక్టర్‌కు ముందే లెక్క కట్టి కేటాయించింది. అంతేగాక అన్ని ఇంజన్లలోనూ అంకె మాత్రమే మారదు. ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్ ఉదాహరణ మన రోడ్ల మీదే ఉంది. స్విఫ్ట్‌లో 75 పీఎస్, 190 న్యూటన్ మీటర్లు. ఎర్టిగాలో 90 పీఎస్, 200 న్యూటన్ మీటర్లు. బయటికి ఒకే ఇంజన్‌లా కనబడినా రెండోదానికి రెక్కల కోణం మార్చుకునే వేరే టర్బో అమర్చారు. పై వేరియంట్ అంకె చూసి కింది వేరియంట్‌లో అంత దాగి ఉందనుకోవడం అందువల్ల ప్రతిసారీ నిలవదు.

రెండు వాదనలూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. నూరు మందిలో ఎక్కువమంది కార్లు ట్యూన్‌తో ఏళ్లపాటు బాగానే నడవచ్చన్నది ట్యూనర్ అనుభవం. మిగిలిన కొద్దిమంది ఇంజన్ల ఖర్చు ఎవరు భరించాలన్నది కంపెనీ ఆందోళన. వారంటీ గొడవలు పుట్టేది అక్కడే. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు సర్వీస్ కేంద్రాల్లో ఈసీయూ సాఫ్ట్‌వేర్ మారినట్టు తేలితే ఆ కారు రికార్డులో టీడీ1 అనే గుర్తు పడుతుంది, తరువాత ఇంజన్, గేర్‌బాక్స్ క్లెయిమ్‌లు తిరస్కరించవచ్చు.

## డైనో కాగితం, లాగ్ ఫైల్

ట్యూన్ తరువాత చేతికిచ్చే డైనో (టార్క్, పవర్ కొలిచే యంత్రం) గ్రాఫ్ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది గరిష్ఠ అంకె. దానికంటే ఎక్కువ చెప్పేవి చుట్టూ ఉన్న వివరాలు: చక్రాల దగ్గర కొలిచారా, ఇంజన్ దగ్గరికి అంచనా కట్టారా, వాతావరణ సవరణ ఎంత కలిపారు, ముందు ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టారు. వరసగా చేసిన మూడో పరుగులో టార్క్ మొదటిదానికంటే బాగా తగ్గితే ఇంటర్‌కూలర్ వేడెక్కిపోతోందని అర్థం. రోడ్డు మీద ఎండలో ఆ కారు ఇచ్చేది మూడో అంకెకే దగ్గర.

కారు నడుస్తున్నప్పుడు ఈసీయూ అంకెలను నమోదు చేసే లాగ్ ఫైల్ ఇంకా నిజాయితీగా మాట్లాడుతుంది. అందులో కోరిన టార్క్, వచ్చిన టార్క్, కోరిన ఒత్తిడి, వచ్చిన ఒత్తిడి, సిలిండర్లవారీగా స్పార్క్ ఎంత వెనక్కి జరిగింది, పంపు ఒత్తిడి, ఇన్‌టేక్ గాలి వేడి పక్కపక్క వరుసల్లో ఉంటాయి. కోరినదీ వచ్చినదీ కలిసి నడుస్తూ, నాలుగు సిలిండర్లలోనూ స్పార్క్ కొద్దిపాటిగా, సమానంగా కదులుతుంటే టార్క్ అదుపులో ఉన్నట్టు. ఒక సిలిండర్‌లో మాత్రమే స్పార్క్ పదేపదే వెనక్కి పోతుంటే, లేదా 2000 ఆర్పీఎం దగ్గర ఒత్తిడి కోరినదానికి పైన ఎగురుతుంటే, గ్రాఫ్ మీద గరిష్ఠ అంకె ఎంతున్నా ఆ ట్యూన్ పని ఇంకా పూర్తికాలేదు.